ఉన్నన్నాళ్లు ఇదే మన ఊరు

దేరా, దుబాయ్
ఆదివారం

అల్లుడా,

ఫోన్‌ల చెప్తుంటే నువ్వు "సరే మామా, సరే మామా" అనుకుంట పోతవు. నీ రూమోళ్లు అటు పక్క టీవీ పెడ్తరు, ఇటు లైన్ తెగుతది, చెప్పాలనుకున్న ముచ్చట సగంల ఆగిపోతది. నాది రాత్రి డ్యూటీ, నీది పొద్దటి డ్యూటీ. నువ్వు దిగినంక మనం ఎదురుంగ మాట్లాడుకున్నది ఒక్కసారే, అదీ ఎయిర్‌పోర్ట్ బయట, కంపెనీ డ్రైవర్ హారన్ కొడుతుంటే. వాట్సాప్‌ల ఇక్కడ కాల్ కలవదు గని రాసింది పోతది. అందుకే రాస్తున్న. పొడుగున్నదని పక్కకు పెట్టకు. సైట్‌కు పోయే బస్సుల కిటికీకి తలకాయ ఆనించి నిద్రపోతవు గదా, రెండు మూడు రోజులు ఆ నిద్ర మానుకొని చదువు.

మొన్న అక్క ఫోన్ చేసింది. "పిలగాడు ధైర్యంగనే ఉన్నడు తమ్మీ, రెండేండ్లే గదా అమ్మా, కండ్లు మూసుకుంటే అయిపోతయి అంటున్నడు" అని సంబురంగ చెప్పింది. అక్కతోటి ఏం అనలే గని నాకు ఆ మాట నచ్చలే. రెండేండ్లే అనుకోకుంట వచ్చినోడు మనోళ్లల్ల ఒక్కడు లేడు. మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూర్, సిరిసిల్ల, ఏ దిక్కోన్ని అడిగినా అదే లెక్క. వీసా రెండేండ్లది, అప్పు తీర్చుకుంట, ఇన్ని పైసలు చేతుల పెట్టుకుంట, వాపస్ పోత. అప్పు తీరేసరికి చెల్లె పెండ్లి ముందరికొస్తది. పెండ్లయితే ఇల్లు. ఇల్లయితే పిల్లల ఫీజులు. వీసా మీద వీసా పడుకుంట పోతది, తలకాయ తెల్లబడ్తది. అన్నేండ్లు కండ్లు మూసుకొనే ఉంటే ఎట్ల? అవి కూడా మన ఏండ్లే గదా.

ఇంకో దిక్కు చూస్తే, ఈ దేశం మనల్ని ఉంచుకోదు. అమెరికా పోయినోనికి గ్రీన్‌కార్డ్ అని ఒక ఆశ ఉంటది, ఆస్ట్రేలియా పోయినోనికి పీఆర్ ఉంటది. ఇక్కడ పైసలున్నోళ్లకు, పెద్ద చదువులోళ్లకు పదేండ్ల గోల్డెన్ వీసా ఇస్తున్నరు గని మన అసుంటి సైట్ పనోళ్లకు అది లేదు. ముప్పై ఏండ్లు పని చేసినా, కొలువు పోయిన నాడు వీసా క్యాన్సిల్. ఇచ్చిన గడువుల సామాను సదురుకోవాలె. అందుకే చాలామంది అంటరు, మనది కాని ఊళ్లె మనకేం పని, తిన్నమా, పన్నమా, పంపినమా అని. నేను దానికి ఉల్టా చెప్త. ఉంచుకుంటరా లేదా అన్నది వాళ్ల చట్టం. ఉన్నన్నాళ్లు ఎట్ల ఉంటమన్నది మాత్రం మన చేతుల ఉన్నది. ఈ ఊళ్లె పదిమందిల దాదాపు తొమ్మిదిమంది బయటోళ్లే. ఎవ్వడూ ఇక్కడ పుట్టిన ఇంట్ల లేడు. అయినా కొందరు దుబాయ్‌ల ఉంటరు, కొందరు క్యాంపుల ఉంటరు. నువ్వు ఇప్పుడు క్యాంపుల ఉన్నవు.

మీ క్యాంపున్న జాగను సోనాపూర్ అని మనం అంటం, బోర్డు మీద ముహైస్నా అని రాసి ఉంటది. అక్కడ పదేండ్ల సంది ఉండి క్రీక్ చూడనోళ్లు నాకు ఎరుక. తెల్లారక ముందు బస్సు, సైట్, చీకటయినంక బస్సు, వంట, ఫోన్, పక్క. సెలవు రోజు పొద్దెక్కేదాక నిద్ర, పగటీలి బట్టలు ఉతుకుడు, రాత్రి పేకాట. వాళ్లను తప్పు పట్టను, పెయ్యి అలిసిపోయి ఉంటది. కని అట్ల ఉంటే మనసు చిన్నగయితది. ఫోర్‌మ్యాన్ ఒక్క మాట అంటే అదే వారమంత తలకాయల తిరుగుతది, ఎందుకంటే దాన్ని బయటికి నూకడానికి లోపలికి వేరే ముచ్చట ఏదీ రాదు.

కాబట్టి ముందుగాల నోల్ కార్డ్ తీసుకో. సిల్వర్ కార్డ్ 25 దిర్హములు, దాంట్ల 19 దిర్హములు నీ ప్రయాణానికే ఉంటయి. బస్సుకు, మెట్రోకు అదే కార్డ్. ఒక్క జోన్‌ల తిరిగితే 3 దిర్హములు, రెండు జోన్లకు 5, అంతకు మించితే ఏడున్నర. మెట్రోల తినుడు తాగుడు చెయ్యొద్దు, ఆడోళ్ల డబ్బాల ఎక్కొద్దు, దేనికైనా 100 దిర్హములు జుర్మానా. రోడ్డు ఎక్కడ పడితే అక్కడ దాటితే 400, పెద్ద రోడ్లల్ల అయితే ఇంకా చాన ఎక్కువ, జైలు కూడా. మన దిక్కు అలవాటు, చెయ్యి చూపెట్టి దాటేస్తం. ఇక్కడ ఆ చెయ్యి చూసి ఆగేటోడు లేడు.

కార్డ్ చేతికొచ్చినంక ఫస్టు ఆదివారం దేరా దిక్కు రా. బుర్జ్ ఖలీఫా తరువాత చూద్దువు, అది ఎటూ పోదు, 2010ల కట్టి అయిపోయినకాడి నుంచి అక్కడనే ఉన్నది, దాని ముందర ఫొటో దిగి ఊరికి పంపకుంటె మనోళ్లకు నిద్ర పట్టది. ముందుగాల చూడాల్సింది క్రీక్. సముద్రం ఊరి నడుమలకు చొచ్చుకొచ్చిన నీళ్లు అవి. ఒక ఒడ్డు దేరా, ఇంకో ఒడ్డు బర్ దుబాయ్. దాటడానికి అబ్రా అనే కట్టె పడవలు ఉంటయి. కిరాయి ఒక్క దిర్హం. నడుమ ఒక పొడుగు బల్ల, దాని మీద వీపుకు వీపు ఆనించి, ముఖాలు నీళ్ల దిక్కు పెట్టి కూసుంటరు. పట్టుకోవడానికి ఏం ఉండదు. నడుమల గుంత అసుంటి జాగల నిలబడి ఒకడు ఇంజిన్ నడుపుతడు, నడుపుకుంటనే కిరాయి వసూలు చేస్తడు. నడిపేటోళ్లల్ల ఎక్కువ మంది బంగ్లాదేశోళ్లు. నీ పక్కన సూటేసుకున్న ఆఫీసరు ఉండొచ్చు, చేపల సంచి పట్టుకున్న ఫిలిప్పీనో అక్క ఉండొచ్చు, కెమెరా మెడల వేసుకున్న రష్యా ఆయన ఉండొచ్చు. అందరికీ అదే బల్ల, అదే దిర్హం. డీజిల్ వాసన, ఉప్పు గాలి, చలికాలం అయితే తల మీద తెల్ల పక్షులు. దేరా ఒడ్డుకు పెద్ద పెద్ద కట్టె ఓడలు కట్టేసి ఉంటయి. ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు, పరుపులు గుట్టలు గుట్టలు ఒడ్డు మీదనే పెట్టి ఉంటయి, ఇరాన్‌కో సోమాలియాకో పోతయి. బుర్జ్‌లు, మాల్‌లు లేనప్పుడు ఈ ఊరు బతికింది ఈ నీళ్ల మీదనే. అది చూసినంక ఊరు అంటే సైట్ కాదని తెలుస్తది.

అటు ఒడ్డున దిగితే మీనా బజార్. పాత మసీదు వెనుక సన్న గల్లీల కొబ్బరికాయలు, పూలు అమ్ముతుంటరు, లోపల కృష్ణుని గుడి ఉన్నది. అక్కడనే శివుని గుడి కూడా ఉండె, అది 2024 జనవరిల జెబెల్ అలీకి మారింది. జెబెల్ అలీల 2022ల కట్టిన కొత్త గుడి, దాని పక్కన గురుద్వారా, చర్చిలు, అన్ని ఒక్క కాడనే. గురుద్వారల లంగర్ ఉంటది, ఎవ్వలు పోయినా బువ్వ పెడ్తరు. సరదాకు చెప్తలేను. చేతుల పైసలు లేని వారం ఒకటి ప్రతి ఒక్కనికీ వస్తది, ఆ వారానికి యాది పెట్టుకో.

ఇగ కాగితాల ముచ్చట. ఇది జర ఓపికతోటి చదువు, ఎందుకంటే ఈ ఊళ్లె మన నిలువు అంత కాగితాల మీదనే.

నీ కాంట్రాక్ట్ చూసినవా? జీతం 1,200 అని ఏజెంట్ చెప్పిండు, నువ్వు అదే పట్టుకున్నవు. కని కాంట్రాక్ట్‌ల ఆ 1,200 ఎట్ల విరిచి రాసిండ్రో చూడాలె. బేసిక్ 1,200 అని రాయొచ్చు, లేకపోతే బేసిక్ 700, మిగతా 500 అలవెన్స్ అని రాయొచ్చు. నెలనెల చేతికొచ్చేది ఒక్కటే గదా అనిపిస్తది. కాదు. నువ్వు కొలువు ఇడిసిపెట్టి పోయే నాడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదనే లెక్క కడ్తరు. ఏడాది నిండితే చాలు, ఫస్టు ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరువాత ఏడాదికి 30 రోజులది. బేసిక్ 1,200 అయితే రోజుకు 40, ఐదేండ్లకు 4,200 దిర్హములు. బేసిక్ 700 అయితే అదే ఐదేండ్లకు 2,450. ఓవర్‌టైం కూడా అంతే, గంటకు వచ్చే బేసిక్ మీద 25 శాతం ఎక్కువ, రాత్రి పది నుంచి పొద్దున నాలుగు నడుమ అయితే 50 శాతం. ఒకే చెమట, ఒకే రెంచి, కాగితం మీద ఒక్క అంకె తేడా. సంతకం పెట్టి వచ్చినవు కాబట్టి ఇప్పటికి మార్చలేవు గని, రెన్యువల్ నాడు అడగాల్సింది జీతం ఎంత పెంచుతవు అని కాదు, బేసిక్ ఎంత పెంచుతవు అని. మినిస్ట్రీ వాళ్ల యాప్ ఉన్నది, మొహ్రే అంటరు, దాంట్ల నీ కాంట్రాక్ట్ నువ్వే చూసుకోవచ్చు. ఊళ్లె సంతకం పెట్టిన కాగితానికీ దాంట్ల ఉన్నదానికీ తేడా ఉంటే ఇప్పుడే చెప్పు.

పాస్‌పోర్ట్ కంపెనీ పెట్టుకునుడు చట్టం ఒప్పుకోదు. 2022 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న కొత్త లేబర్ చట్టంల అది సాఫ్ రాసి ఉన్నది. పనిల పెట్టుకునే ఖర్చు పనోని మీద వెయ్యొద్దని కూడా దాంట్లనే ఉన్నది. మన దేశం రూల్ కూడా ఉన్నది, ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. నువ్వు ఎంత కట్టినవో నాకు ఎరుకే. అది అయిపోయింది, దాని మీద నిన్ను ఏం అనను. నీ తమ్ముడు బ్యాగు సదిరే నాడు మాత్రం ఈ లెక్క వానికి చెప్పు.

పాస్‌పోర్ట్, వీసా, ఎమిరేట్స్ ఐడీ, కాంట్రాక్ట్, ఇన్సూరెన్స్, అన్నిటి ఫొటోలు తీసి మా అక్క కోడలికి, అంటే నీ పెండ్లానికి, పంపి పెట్టు. జీతం బ్యాంక్ కార్డ్‌ల పడ్తది, 2009 నుంచి సర్కారు అట్ల పెట్టింది, ఎవనికి జీతం పడలేదో మినిస్ట్రీకి కనపడ్తది. ఆ కార్డ్ పిన్ నంబర్ ఫోర్‌మ్యాన్‌కు గాని, "నేను తీసుకొచ్చి ఇస్త" అనే దోస్తుకు గాని చెప్పకు. కొలువు పోతే ఆదుకునే ఇన్సూరెన్స్ ఒకటి 2023 నుంచి తప్పనిసరి చేసిండ్రు. నీకైతే నెలకు 5 దిర్హములు. కట్టకపోతే 400 జుర్మానా. విడువకుంట ఏడాది కట్టి ఉంటే, నీ తప్పు లేకుంట కొలువు పోయినప్పుడు బేసిక్‌ల 60 శాతం మూడు నెలల దాక ఇస్తరు. ఐదు దిర్హములంటే కెఫ్టీరియాల మూడు నాలుగు చాయలు. మనోళ్లు దీన్ని దండుగ అంటరు. నాకు మాత్రం ఇన్నేండ్లల్ల ఇక్కడ వచ్చిన మంచి రూల్స్‌ల ఇది ఒకటి అనిపిస్తది.

జీతం ఆపితే ఏం చెయ్యాలె అంటవు. రెండు నెలలు, మూడు నెలలు చూస్త, సార్ మంచోడు అని కూసోకు. మినిస్ట్రీల ఫిర్యాదు ఇయ్యడానికి నీకు పైస ఖర్చు లేదు. 50,000 దిర్హముల లోపు తగాదా అయితే 2024 నుంచి మినిస్ట్రీయే తీర్పు చెప్తది. మన కాన్సులేట్ కూడా దుబాయ్‌ల ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నడుపుతది, అక్కడ వకీలు సలహా ఉత్తగనే దొరుకుతది. మలయాళోళ్లను చూడు, జీతం రెండు వారాలు ఆగితే పది మంది కలిసి కాగితం రాస్తరు. మనోళ్లు దేవుని మీద భారం వేస్తరు, లేకపోతే రాత్రికి రాత్రి గోడ దుంకుతరు.

గోడ దుంకుడు అన్న కాబట్టి చెప్త. ఖల్లివల్లి అయినోళ్ల, అంటే కంపెనీ ఇడిసి పారిపోయినోళ్ల ముచ్చట్లు నీ రూంల వింటనే ఉంటవు. బయట రోజుకు వంద ఎక్కువ ఇస్తున్నడట, వీసా అవసరం లేదట అని. వినకు. పారిపోయిండని కంపెనీ రిపోర్ట్ ఇస్తది, వీసా పోతది, అక్కడి నుంచి రోజుకు 50 దిర్హములు జుర్మానా ఎక్కుతనే ఉంటది. జ్వరమొస్తే దవాఖానకు పోలేడు, తండ్రి పోయినా ఇంటికి పోలేడు. సర్కారు అప్పుడప్పుడు మాఫీ ఇస్తది, 2024ల సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాక ఇచ్చింది. ఆ నాలుగు నెలల కోసం ఏండ్లకేండ్లు దాసుకొని బతికినోళ్లు ఉన్నరు. కంపెనీ నచ్చకపోతే నోటీస్ ఇచ్చి, క్యాన్సిల్ చేయించుకొని, ఇంకో కంపెనీకి మారే తొవ్వ చట్టంలనే ఉన్నది. లేటయితది అంతే.

తప్పు చేసే మనసు లేకున్నా జైలుకు పోయే పనులు ఇక్కడ కొన్ని ఉన్నయి. మీ అమ్మ ఛుట్టీకి వచ్చేటోళ్ల చేతికి మసాల డబ్బా పంపుతనన్నది. పంపు అక్కా గని గసగసాలు ఒక్క గింజ ఉండొద్దు అన్న. గసగసాలు ఇక్కడ మత్తు పదార్థాల లెక్కల వస్తయి. నొప్పుల గోలీల్ల, దగ్గు మందుల్ల కూడా కొన్నిటికి ముందుగాల పర్మిషన్ ఉండాలె, ట్రామడాల్, కోడీన్ ఉన్నయి అస్సలు తేవొద్దు. నువ్వు ఛుట్టీకి పోయి వచ్చే నాడు ఎవలన్నా "మా తమ్మునికి జర ఇయ్యి" అని డబ్బా ఇస్తే, వాళ్ల ముందరే విప్పి ప్రతి పొట్లం చూడు. సిగ్గు పడకు. చూడనియ్యకపోతే తీసుకోకు.

ఫోన్ కూడా అంతే. యాక్సిడెంట్ అయితే వీడియో తీసుడు, ఎవని ముఖమో ఫొటో తీసి గ్రూపుల పెట్టుడు, ఇవి ఇక్కడ కేసులు. ఇంకోటి నీకు వింత అనిపిస్తది. రూంల ఎవడన్నా చనిపోతే మనోళ్లు గ్రూపుల పెట్టి చందాలు వసూలు చేస్తరు, మంచి మనసుతోటే చేస్తరు. లైసెన్స్ లేకుంట చందాలు వసూలు చేసుడు ఇక్కడ నేరం. చెయ్యాలనుకుంటే లైసెన్స్ ఉన్న సంస్థల ద్వారనే చెయ్యాలె. మందు సంగతి మీ అమ్మకు చెప్తనని భయపడకు, చెప్పను. క్యాంపు పక్కన చీకట్ల అమ్మే సీసాలు మాత్రం ముట్టకు. ఆ మందుకు పెయ్యి పాడయితది, దొరికితే బతుకు పాడయితది.

ఎండ గురించి ఎవ్వలూ చెప్తే అర్థం కాదు. జగిత్యాల ఎండ చూసినోనికి ఇదేంది అనుకుంటవు. 45 డిగ్రీల ఎండకు సముద్రం ఉబ్బర తోడయితది. ఆగస్టుల రాత్రి పదింటికి కూడా అంగి పిండితే నీళ్లు కారుతయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడింటి దాక ఎండల పని చేయించొద్దు, అది రూల్. చేయిస్తే మనిషికి 5,000 దిర్హముల లెక్కన కంపెనీకి జుర్మానా. ఆ రెండున్నర గంటలు ఫోన్ చూసుకుంట గడపకు, నీడ పట్టున ఒరుగు. దూప కాకముందే నీళ్లు తాగు. మూత్రం పచ్చగ వస్తున్నదంటే నువ్వు ఆల్రెడీ లేటయినవు. కిడ్నీల రాళ్లు తెచ్చుకొని ఇంటికి పోయినోళ్లు మన మండలంలనే మస్తు మంది. లబన్ అని డబ్బాల అమ్ముతరు, మన మజ్జిగే, ఇంత ఉప్పు వేసుకొని తాగు. హెల్త్ కార్డ్ కంపెనీయే ఇయ్యాలె, ఇచ్చింది జేబుల పెట్టుకొని తిరుగుడు కాదు, జ్వరమొస్తే వాడు.

నీ రూంల ఎవలెవలున్నరో అక్క చెప్పింది, ఇద్దరు నేపాలోళ్లు, ఒక పాకిస్తానాయన, మన కరీంనగర్ పిలగాడు. తెలుగోళ్ల రూం కావాలని అడిగి మారకు. మన భాష కోసం మనసు గుంజుతది, నాకు ఎరుకే. మనోళ్ల రూంల ఒక సుఖం ఉన్నది, ఒక చెడు ఉన్నది. అక్కడ దుబాయ్ ఉండదు, ఊరే ఉంటది. ఎవని ఇల్లు ఎన్ని అంతస్తులు, ఎవని పెండ్లాం ఎక్కడ తిరుగుతున్నది, సర్పంచ్ ఎవడు గెలుస్తడు, ఇదే ముచ్చట. హైదరాబాద్ హిందీ నీకు వస్తది కాబట్టి సగం దుబాయ్ నీదే. ఆ పాకిస్తానాయన ఏండ్ల సంది ఉన్నడట గదా, ఏ సూపర్‌వైజర్ ఎసుంటోడో, ఏ క్లినిక్‌ల మంచిగ చూస్తరో ఆయనను అడుగు. రూంల మతం, క్రికెట్ రెండు ముచ్చట్లు మాత్రం పెట్టకు. వంట వంతుల మీద లొల్లి కాకుంట చూసుకో, క్యాంపుల దోస్తానాలు విరిగేది ఎక్కువ శాతం కిచెన్‌లనే. పొయ్యి కోసం నలుగురు లైన్ల ఉన్నప్పుడు చేపల పులుసు మరిగించుకుంట నిలబడ్డోన్ని ఏ దేశపోడూ మన్నించడు. రోజూ ఖుబ్బూస్ రొట్టె, పప్పుతోటి గడపకు, వారానికి ఒక్కసారన్నా ఆకుకూర వండుకో.

రంజాన్‌ల అందరికీ రోజుకు రెండు గంటల పని తక్కువ, నువ్వు ఉపవాసం ఉన్నా లేకున్నా. పగలు నలుగురి ముందర తినుడు తాగుడు చెయ్యకు, వాళ్ల ఉపవాసానికి మర్యాద. సాయంత్రం మసీదుల పక్కన టెంట్లు వేసి బువ్వ పెడ్తరు. నీ మతం ఏందని ఎవ్వలూ అడగరు. పోయి కూసో. ఖర్జూరం, నీళ్లు, బిర్యానీ ముందర పెట్టుకొని వందలమంది బాంగు కోసం సప్పుడు చెయ్యకుంట చూసుడు ఒక్కసారన్నా చూడాల్సిందే.

పైసల కాడికి వద్దాం. నీ అప్పు నూటికి మూడు రూపాయల మిత్తి అని విన్న. లక్షన్నరకు నెలకు మిత్తే 4,500. ఫస్టు ఆ అప్పు తీర్చు, మిగతావన్నీ తరువాతనే. కోడలికి ఫోన్ కొనిస్తనన్నవట, కొనకు. కోడలికి జీతం ఎంతో నిజం చెప్పు. ఊళ్లె దుబాయ్ మొగడంటే చెట్టుకు నోట్లు కాస్తయనుకుంటరు, ఆ అనుకునుడును మనమే పెంచుతం, తరువాత మనమే మోస్తం. దిర్హం డాలర్‌కు కట్టేసి ఉంటది, 1997 నుంచి 3.6725 దగ్గర్నే ఉన్నది, అంటే మన రూపాయి పడితేనే మనకు రేటు పెరుగుతది. రేటు ఇంకో పది పైసలు పెరుగుతదని నెలంత ఆగుడు, రోజూ ఎక్స్‌చేంజ్ కాడికి పోయి బోర్డు చూసుడు వట్టి దండుగ. పంపిన ప్రతిసారి ఫీజు కోస్తరు కాబట్టి నెలకు ఒక్కసారి పంపు. మొత్తం పంపకు. నీ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి నెలనెల ఇన్ని దాంట్ల పడేయి, దాని మిత్తి మీద మన దేశంల పన్ను లేదు.

ఇల్లు ఇప్పుడే మొదలు పెట్టకు. మన ఊరి తొవ్వల చూసినవు గదా, రెండంతస్తులు, ముందర సింహాలు, గులాబి రంగు, లోపల ఒక ముసలవ్వ, ఒక టీవీ. ఆ ఇంటి ఓనర్ ఇక్కడ ఆరుగురి రూంల పై మంచం మీద పంటున్నడు. దానికంటే నీ చేతికి పని నేర్పిచ్చు. ఐటీఐ చేసినవు కాబట్టి హెల్పర్ పేరు మీద ఎక్కువ రోజులు ఉండకు. ప్యానెల్ బోర్డు కట్టేటోని పక్కన నిలబడు, డ్రాయింగ్ చదువుడు నేర్చుకో, కేబుల్ జాయింటింగ్ నేర్చుకో. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్‌కు వేల దిర్హములు అయితయి, అప్పు తీరినంక ఆ ఖర్చుకు ఎనుకకు రాకు. వీసా పోయినా చేతుల నుంచి పోనియి ఇవే.

ఊరి నుంచి వచ్చేటప్పుడు చేసిన ఇన్సూరెన్స్ ఒకటి ఉంటది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేండ్లకు 275 రూపాయలు. ప్రమాదంల ఏమన్నా అయితే ఇంటోళ్లకు 10 లక్షలు వస్తయి. చాలామంది రెండేండ్లకు అది అయిపోయిందని కూడా ఎరుక లేకుంట తిరుగుతరు. ఇక్కడ ఉండే ఆన్‌లైన్‌ల రెన్యువల్ చేసుకోవచ్చు. చెడు మాట ఎందుకు మామా అనకు, కోడలికి దాని నంబర్ రాసి ఇయ్యి.

నిద్ర పట్టకుంట, పని మీద మనసు లేకుంట, ఎవ్వలతోటి మాట్లాడబుద్ధి కాకుంట రోజులకు రోజులు ఉంటే దాసిపెట్టకు. ఇంటికి చెప్తే భయపడ్తరని మన పిలగాండ్లు చెప్పరు, రూంల చెప్తే నవ్వుతరని చెప్పరు. నాకు చెప్పు, డ్యూటీల ఉన్నా ఎత్త. సెలవు పెట్టి ఇంటికి పోయి రావాల్సి వస్తే టికెట్ నేను చూసుకుంట, అప్పు సంగతి నేను మీ అమ్మకు చెప్త.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి యూనియన్ మెట్రో స్టేషన్ కాడికి రా. మీ క్యాంపు నుంచి ఏ బస్సు వస్తదో నన్ను అడగకు, బస్టాప్‌ల నువ్వే చదివి తెలుసుకొని రా. కాంట్రాక్ట్ కాపీ పట్టుకరా, బేసిక్ ఎంత రాసిండ్రో ఇద్దరం చూద్దాం. అబ్రా ఎక్కి అటు పోయి, కరామాల మన భోజనం తిందాం. ఆ నేపాలీ పిలగాండ్లు ఖాళీగ ఉంటే వాళ్లను కూడా తీసుకరా.

మీ మామ